చర్మం దాటే మందు

ఎమ్మెస్సీ లెక్కలు ముగించి పరిశోధనలో చేరిన నాకు మా సార్ చర్మాన్ని అంశంగా ఇచ్చిన రోజు ఏడుపొచ్చినంత పనైంది. ఎనభైల తొలి సంవత్సరాలవి. వరంగల్‌లో మా డిపార్ట్‌మెంటు వాళ్లంతా గొట్టాల్లో పారే నీళ్ల మీదో, రెండు పలకల మధ్య కదిలే నూనె మీదో పనిచేసేవాళ్లు. వాళ్ల థీసిస్‌లు బీరువాలో వరసగా ఉండేవి. ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో వాటిని చూసి నేర్చుకోవచ్చు. చర్మానికి అలాంటి బీరువా లేదు.

సార్ కోస్తా నుంచి వచ్చి వరంగల్‌లో స్థిరపడిన మనిషి. ఎవరినీ గట్టిగా ఒక మాట అనేవారు కాదు. ఒక విదేశీ పత్రిక నా చేతికిచ్చి, "చూడమ్మా, గుండెనొప్పికి మాత్ర మింగక్కర్లేదట. ఛాతీ మీద చిన్న పట్టీ అంటిస్తే మందు చర్మంలోంచి రక్తంలోకి పోతుందట. ఎంత పోతుంది, ఎంతసేపటికి పోతుంది? ఇది మన లెక్కే కదా" అన్నారు.

నాకు నమ్మకం కుదరలేదు. బయటిది లోపలికి రాకుండా ఆపడానికే కదా చర్మం ఉన్నది. చిన్నప్పుడు వాగులో వేళ్లు ముడుతలు పడేదాకా ఈత కొట్టేవాళ్లం. నీళ్లు ఇంకి ఎవరి ఒళ్లూ ఉబ్బలేదు. అదే మాట సార్‌తో అంటే ఆయన నవ్వారు. "నీళ్లు వేరు, నూనె వేరు. ముందు సమీకరణం రాయి. అర్థం తర్వాత అదే వస్తుంది" అన్నారు.

రాశాను. అర్థం మాత్రం రాలేదు.

కాగితం మీద చర్మం అంటే రెండు నిలువు గీతలు. ఎడమ గీత దగ్గర మందు నిండుగా ఉంటుంది. కుడి గీత దగ్గర సున్నా. అక్కడికి చేరిన మందును రక్తం ఎప్పటికప్పుడు తీసుకుపోతుంది కాబట్టి అక్కడ సున్నా అని రాసుకుంటాం. మధ్యలో మందు చిక్కగా ఉన్న చోటు నుంచి పలచగా ఉన్న చోటుకు పాకుతుంది. అంతే లెక్క. ఆ రెండు గీతలూ ఎవరి ఒంటివి? ముసలివాళ్లవా, పసిపిల్లలవా? అరికాలా, చెంపా? సమీకరణం ఆ ప్రశ్న అడగదు. అలా అడగకుండా ఉండటమే లెక్కల గొప్పదనమని నాకు చెప్పారు. నేనూ అదే నమ్మాను. ఈసారి మాత్రం ఆ గీతల వంక చూస్తూ కూర్చుంటే నేను దేని గురించి రాస్తున్నానో నాకే తెలియకుండా పోయేది.

నా అవస్థ చూసి సార్ నన్ను ఫార్మసీ విభాగంలో పరిశోధన చేస్తున్న ఒకాయన దగ్గరికి పంపారు. జనగామ వైపు ముస్లిం కుటుంబం ఆయనది. నాకంటే కొంచెం పెద్ద. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు. ఆయన బల్ల మీద ఒకదాని మీద ఒకటి బోర్లించిన రెండు గాజు గిన్నెల్లాంటి పరికరం ఉండేది. రెండింటి మధ్య పల్చగా చీల్చిన మేక చెవి తోలు బిగించేవాడు. పై గిన్నెలో తోలు మీద మలాము పూసేవాడు. కింది గిన్నెలో రక్తానికి బదులు ఉప్పునీళ్లు. కొంతసేపటికొకసారి ఆ నీళ్లు కాస్త తీసి అందులోకి ఎంత మందు దిగిందో కొలిచేవాడు.

తోలు కోసం మండిబజార్‌కు పొద్దున్నే ఆయనే వెళ్లేవాడు. "కసాయి ఆయన నన్ను జూసి నవ్వుతాండు చెల్లె. చెవులు కొనే గిరాకీ నేనొక్కన్నే" అనేవాడు.

మొదట్లో కింది గిన్నెలోకి ఏమీ దిగేది కాదు. తర్వాత కొద్దికొద్దిగా దిగి, ఆ తర్వాత ఒకే తీరుగా దిగుతూ ఉండేది. అంతవరకు నా సమీకరణమూ అదే చెప్పింది. రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టుకుని ఇద్దరం సంతోషపడ్డాం. కానీ మలాము తుడిచేశాక మాకు చిక్కొచ్చిపడింది. తుడిచేస్తే కాసేపటికి ఆగిపోవాలని నా లెక్క. ఆయన గిన్నెలో ఆగలేదు. మర్నాడు కూడా మందు దిగుతూనే ఉంది.

"సరిగ్గా తుడవలేదేమో అన్నా."

"స్పిరిట్ పెట్టి తుడిచిన చెల్లె. నీ లెక్కలనే ఏదో తప్పున్నది."

ఆయన ప్రయోగం మళ్లీ చేశాడు. నేను లెక్క మళ్లీ చేశాను. ఎవరి పనిలోనూ తప్పు దొరకలేదు. చివరికి సార్, మందు కొంత చర్మంలోనే అతుక్కుని ఆగిపోయి తర్వాత మెల్లగా వదులుతోందేమో, ఆ అతుక్కోవడం కూడా సమీకరణంలో పెట్టి చూడు అన్నారు. పెట్టాను. గ్రాఫ్ కొంచెం దగ్గరికొచ్చింది. అయితే ఎంత అతుక్కుంటుందో చెప్పే అంకె నాకు తెలియదు. గ్రాఫులు కలిసేదాకా నేనే ఆ అంకెను పెంచుతూ తగ్గిస్తూ పోయాను. అది తెలుసుకోవడమో, తెలిసినట్టు నటించడమో నాకు తేల్చుకోవడం రాలేదు.

ఇలా ఉండగా వానాకాలం చివర్లో మా చిన్నాయన పడిపోయాడు.

చిన్నాయన అంటే మా బాపుకు తమ్ముడు. బాపు రైల్వే గ్యాంగులో పనిచేస్తూ డోర్నకల్ చుట్టూ క్వార్టర్లు మారుతుండేవాడు. అందుకని నేను బడికి పోయే వయసు నుంచీ హసన్‌పర్తి అవతల మా ఊళ్లో చిన్నాయన ఇంట్లోనే పెరిగాను. ఆయనకు మొదటినుంచీ మక్క, వరి పండించడమే తెలుసు. అంతకు రెండు మూడేళ్ల ముందు అందరితోపాటు పత్తికి మారాడు. పత్తికి పచ్చపురుగు వస్తుంది. పురుగుకు మందు కొట్టాలి. వీపున డబ్బా వేసుకుని, ఒక చేత్తో పంపు ఆడిస్తూ, రెండో చేత్తో సాలు పొడవునా కొట్టుకుంటూ పోవడం ఊరంతా కొత్తగా నేర్చుకున్న పని.

ఆ రోజు మా చిన్నమ్మ తమ్ముడి ఇంట్లో గృహప్రవేశం. చిన్నాయన రానన్నాడు. పురుగు పడ్డది, ఇయ్యాల కొట్టకుంటే చేను పోతది అన్నాడు. చిన్నమ్మకు కోపమొచ్చింది. నాలుగు మాటలు అని ఒక్కతే బస్సెక్కి పోయింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆయన అరుగు మీద చెమటతో తడిసి, నోట్లోంచి సొల్లు కారుతూ, వణుకుతూ పడి ఉన్నాడు. ఒళ్లంతా మందు వాసన. ఇరుగుపొరుగు వచ్చి చూసి ఒకటే మాట అన్నారు. మందు తాగిండు.

ఎడ్లబండి మీద రోడ్డుదాకా, అక్కడి నుంచి జీపులో వరంగల్ పెద్ద దవాఖానకు తెచ్చారు. నాకు కబురొచ్చి పోయేసరికి గొట్టం వేసి కడుపు కడిగారు, సూదులు ఇస్తున్నారు. డాక్టరు చిన్న వయసాయన. నిద్రలేక కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎంత తాగిండు అని చిన్నమ్మను అడుగుతున్నాడు. ఆమె తల బాదుకుంటోంది.

"నాలుగు మాటలన్న బిడ్డా. గందుకే తాగిండు. నేనే సంపుకుంటాన."

ఆయనకు తెలివి వచ్చాక నేను పక్కన కూర్చున్నాను. నాలుక ఎండిపోయి మాట సరిగ్గా రావడం లేదు.

"బిడ్డా, నేను తాగలే" అన్నాడు.

"సరే చిన్నాయనా, మాట్లాడకు."

"సరే గాదు. నువ్వన్న నమ్ము. మందు కొట్టిన, ఇంటికొచ్చిన, పండుకున్న. గంతే."

నమ్ముతున్నానని తలూపాను. నమ్మానా అంటే చెప్పలేను. బయటికొచ్చి డాక్టరుకు ఆ మాట చెప్పాను. ఆయన కేసు షీటు మీంచి తలెత్తకుండానే, "తాగినోడు ఎవడు తాగిన అంటడమ్మా? ఈ వార్డుల అందరు తాగలే అనే అంటరు" అన్నాడు. అది కూడా నిజంలాగే వినిపించింది.

కొన్నాళ్లకు తేరుకున్నాడు. ఇంటికి పంపారు. దవాఖానకు తెచ్చిన రోజు విప్పిన అంగీ, ధోతీ చిన్నమ్మ ఒక సంచిలో కుక్కి మంచం కింద పెట్టింది. దవాఖానలో ఉతికే తీరిక ఎవరికుంది? ఇంటికి పోయేటప్పుడు ఆయనకు అవే తొడిగింది. ఇంటికి చేరిన మర్నాడు ఆయనకు మళ్లీ చెమటలు, మళ్లీ వణుకు. మళ్లీ జీపు.

ఈసారి చిన్నమ్మ ఏడవలేదు. మొహం మొద్దుబారిపోయింది. "ఇంట్ల ఉన్న శీశలన్ని పారబోసిన. ఇంకెక్కడ దాసిండో. మళ్ల తాగిండు" అంది. తన మీద ఒట్టేసి చెప్పమని ఆయన్ని అడిగింది. చిన్నాయన నోరు విప్పలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. తాగలేదని మొదటిసారి అంత గట్టిగా చెప్పిన మనిషి ఇప్పుడు కాదని కూడా అనకపోవడం చూసి నాకు భయమేసింది. అప్పటిదాకా సగం నమ్మిన నేను ఆ సగం కూడా నమ్మలేకపోయాను.

దవాఖాన మెట్లు దిగుతుంటే, ఎందుకో తెలియదు, మర్నాడు కూడా మందు దిగుతూనే ఉన్న ఆ గాజు గిన్నె కళ్ల ముందుకొచ్చింది. అన్ని నెలలు చర్మం మీద లెక్కలు చేసినదాన్ని, చిన్నాయన చర్మం గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. నా లెక్కలో ఉన్నదీ మందే, ఆయన కొట్టిందీ మందే. అయినా ఆ రెండు మాటలూ నా బుర్రలో ఎప్పుడూ ఒక చోటికి రాలేదు.

నేరుగా ఫార్మసీ అన్న దగ్గరికి పోయాను. పురుగుల మందు చర్మంలోంచి లోపలికి పోతుందా అని అడిగాను.

"గదేం ప్రశ్న చెల్లె? మన మలాము బతిమాలినా లోపలికి పోదు. గా మందు పిలవకున్నా పోతది. నూనె తీరుగుంటది గద" అన్నాడు. అప్పుడు నా మొహం చూసి, చేతిలో ఉన్న పరీక్షనాళిక పక్కన పెట్టాడు. "ఎవలికి ఏమైంది?"

చెప్పాను. ఆయన కూర్చోమన్నాడు. "పెయ్యి మీద, చేతులా కాళ్లా, ఎక్కడ తడిసిండట?"

నాకు తెలియదు. ఎవరూ అడగలేదు. మళ్లీ దవాఖానకు పోయి చిన్నాయన చెవి దగ్గర అడిగాను. గోడవైపు నుంచి ఇటు తిరిగాడు.

"వీపంత తడిసింది. డబ్బ కారింది. మూతకున్న రబ్బరు వాచర్ పోయింది."

"మరి అంగీ మార్చుకోలేదా?"

"సగం చేను మిగిలింది బిడ్డా."

ఆ పూట నేను గదికొచ్చి లెక్క వేశాను. వీపు ఎంత వెడల్పు, అంగీ ఎంతసేపు తడిగా ఉంది, మందు ఎంత చిక్కన. అవన్నీ ఉజ్జాయింపుగా వేసుకున్నాను. చర్మంలో ఆ మందు ఎంత వేగంగా పాకుతుందో చెప్పే అంకె ఒకటి కావాలి. నా దగ్గర ఉన్నది మలాముది, అదీ మేక చెవిలో. పురుగుల మందుది, మనిషి వీపుది, చెమట పట్టిన వీపుది నా దగ్గర లేదు. చిన్న అంకె వేస్తే చిన్నాయనకు తలనొప్పి కూడా రాకూడదు. పెద్ద అంకె వేస్తే ఆయన చేను దాటకముందే పోవాలి. మధ్యలో ఏ అంకె వేస్తే ఆయన అరుగు దాకా వచ్చి పడిపోతాడో అదీ కనుక్కున్నాను. కనుక్కుని, అదే సరైన అంకె అని నాకు నేను చెప్పుకోబోయి ఆగాను. మేక తోలు విషయంలో చేసిందీ ఇదే కదా.

కాగితాలు సార్‌కు చూపించాను. ఆయన ఒక్కో కాగితం తిప్పి చూశారు.

"దీంతో ఏం తేలిందమ్మా?"

"ఏమీ తేలలేదు సార్."

"తేలదు. ఆయన తాగలేదని ఇది చెప్పదు. తాగకపోయినా ఇలా కావచ్చని మాత్రం చెబుతోంది. ఆ ముక్క డాక్టరుకు చెప్పావా?"

చెప్పలేదు. చెప్పడానికి నేనెవరిని అనుకున్నాను. సార్ తన గొడుగు అందుకుని, పద అన్నారు.

డాక్టరు మమ్మల్ని వరండాలో నిలబెట్టే విన్నాడు. సార్ మాట్లాడతారనుకున్నాను. ఆయన నా వంక చూశారు. డబ్బా కారిందనీ, వీపు తడిసిందనీ, తుడిచేశాక కూడా మందు చర్మంలో నిలిచి మెల్లగా దిగవచ్చనీ తడబడుతూ చెప్పాను. ఆ బట్టలే మళ్లీ తొడిగారని చెప్పేసరికి డాక్టరు నన్ను ఆపాడు.

"ఏ బట్టలు?"

చిన్నమ్మ మంచం కింద నుంచి సంచి తీసింది. ఈసారి విప్పినప్పుడు కూడా బట్టలు అందులోనే కుక్కింది. ఆయన అంగీ పైకెత్తి వాసన చూసి, దూరంగా పట్టుకున్నాడు. వెంటనే ఆయాను పిలిచి, సబ్బు పెట్టి ఒళ్లంతా కడగమన్నాడు. తల కూడా, గోళ్ల సందులు కూడా. అంగీ కాల్చేయమన్నాడు. సార్ వైపు తిరిగి, "తాగినా కడగాలె, తాగకున్నా కడగాలె. మొదలే కడగాల్సింది" అన్నాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆ వార్డులో ఒక్కో మంచానికి ఇద్దరేసి ఉన్నారు.

ఆసారి తగ్గాక చిన్నాయనకు మళ్లీ రాలేదు.

ఇంటికి తీసుకుపోయే రోజు చిన్నమ్మ నన్ను పక్కకు పిలిచింది. "కడిగితె తగ్గింది గద బిడ్డా. అంటె తాగలేదనే గద?"

ఆమె నా చెయ్యి పట్టుకుంది. నిజంగా చెప్పాలంటే, చాలా చెప్పాలి. సూదులు పనిచేసి తగ్గి ఉండొచ్చు. కడగడం వల్లా కావచ్చు. రెండోసారి వచ్చింది అంగీ వల్ల అనుకున్నా, మొదటిసారి సంగతి దాంతో తేలదు. ఇవన్నీ నా నోటి దాకా వచ్చాయి.

"తాగలేదు చిన్నమ్మా" అన్నాను.

ఆమె అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. వారం రోజులుగా ఏడవని ఏడుపు అది. ఊళ్లో కనబడిన ప్రతి ఒక్కరికీ చెప్పింది. మా బిడ్డ లెక్క జేసి చెప్పింది, ఆయన తాగలేదు అని. ఊరు నమ్మింది. పీహెచ్‌డీ చేసే పిల్ల చెప్పిందంటే నమ్మక ఏం చేస్తుంది? నేను ఊరికి పోయినప్పుడల్లా ఎవరో ఒకరు పలకరించి, మందు కొట్టి వచ్చాక ఏం చేయాలో అడిగేవాళ్లు. అంగీ విప్పి పారేసి సబ్బుతో తానం చేయమనేదాన్ని. ఆ ఒక్కటీ చెప్పేటప్పుడు మాత్రం నాకు ఏ తికమకా ఉండేది కాదు.

థీసిస్ పూర్తయింది. అందులో చిన్నాయన ముచ్చట లేదు, మేక చెవి ఉంది. మౌఖిక పరీక్షకు వచ్చిన పెద్దాయన, మీ సమీకరణం మనిషికి వర్తిస్తుందా అని అడిగాడు. వర్తించవచ్చు సార్ అన్నాను. ఆయన నవ్వి, జాగ్రత్తగా మాట్లాడుతోంది అని మా సార్‌తో అన్నాడు. అది జాగ్రత్త కాదని నాకూ సార్‌కూ తెలుసు.

ఉద్యోగం వచ్చిన ఏడాది పత్తి ఏరే రోజుల్లో ఊరికి పోయాను. చిన్నాయన, నేను చేని గట్టు మీద కూర్చున్నాం. ఎన్నో ఏళ్లు అడగనిది ఆ రోజు ఎందుకు అడిగానో నాకిప్పటికీ తెలియదు.

"చిన్నాయనా, ఆ దినం ఏమైంది?"

ఆయనకు ఏ దినమో చెప్పాల్సిన పని లేకపోయింది. ఒక పత్తికాయ చేతిలోకి తీసుకుని దూది లాగాడు.

"శీశ చేతుల వట్టుకున్న. మీ చిన్నమ్మ అన్న మాటలు మనసుల తిరుగుతానయ్. మూత దీసిన. డబ్బల పోసిన అనే అనుకుంటాన. తర్వాత చేన్ల మందు కొట్టుకుంట పోతాన. నడుమల ఏమన్న అయిందా అంటె యాదికి లేదు బిడ్డా."

"తాగలేదని దవాఖానలో అన్నవు కదా."

"అన్న. అప్పుడు తాగలేదనే ఎర్క. మళ్ల వచ్చినంక, అందరు తాగిండు తాగిండు అంటె, తాగిన్నేమో అనుకున్న. నువ్వచ్చి తాగలే అన్నంక, సరే తాగలేదనుకున్న." దూది ఒడిలో వేసుకున్నాడు. "నువ్వు లెక్క జేసినవ్ గద. నీ లెక్కల ఏమచ్చింది?"

"రెండూ కావచ్చని వచ్చింది చిన్నాయనా."

ఆయన నా వంక వింతగా చూశాడు. కోపమొస్తుందనుకున్నాను, బాధపడతాడనుకున్నాను. పెద్దగా నవ్వాడు. "గిన్నేండ్లు సదివితె గిదా వచ్చింది?" అన్నాడు.

నాకూ నవ్వొచ్చింది. ఆయన లేచి తువ్వాల దులుపుకుని పత్తి ఏరడానికి పోయాడు. నేను చెప్పులు గట్టు మీద విడిచి, ఆయన పక్క సాలు పట్టుకున్నాను.